పైసలు ఆరు నెలలకు, కిస్తీ మాత్రం ప్రతి మంగళవారం

మా బాన్సువాడ వైపు 'ఐకేపీ' అంటే వడ్లు కొనే సెంటర్. కోతలు అయ్యాక రోడ్డు పక్కన వడ్ల కుప్పలు, టార్పాలిన్లు, తేమ చూసే మిషన్, లారీ ఎప్పుడొస్తదో అని ఎదురుచూపులు, ఇదంతా కలిపి ఐకేపీ. ఆ మూడు అక్షరాల ఫుల్ ఫామ్ ఇందిరా క్రాంతి పథం అని నాకు ఇంటర్ అయ్యేదాకా తెలీదు. అంతకుముందు దాని పేరు వెలుగు. అది ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఆరు జిల్లాల్లో మొదలైంది, 2003లో మిగతా పదహారు జిల్లాలకు వచ్చింది. అప్పుడు మాది నిజామాబాద్ జిల్లా (కామారెడ్డి జిల్లా 2016లో అయ్యింది). అంటే మా నాన్న వడ్లు అమ్ముకునే సెంటర్ నడిపే మహిళా సంఘాల వెనకాల వాషింగ్టన్‌లో ఎవరో రాసిన ఫైల్ ఒకటి ఉంది.

ఈ సెమ్‌లో ఓపెన్ ఎలెక్టివ్ కింద డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ తీసుకున్నాను. అటెండెన్స్ ఈజీ అని సీనియర్లు చెప్పారు, అది పచ్చి అబద్ధం. పేద దేశాల గురించి చదువుతుంటే బంగ్లాదేశ్, కెన్యా, ఇథియోపియా వస్తుంటాయి, మనకు సంబంధం లేనట్టు పేజీలు తిప్పేస్తుంటాం. అలా తిప్పుతుంటే ఒక పేజీలో హైదరాబాద్ వచ్చింది. అక్కడ ఆగాను. మైక్రోఫైనాన్స్ మీద ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఒక పరిశోధన మన హైదరాబాద్ బస్తీల్లో జరిగిందట. అందులో ఇచ్చిన లోన్ వివరాలు చదివితే, మా ఇంట్లో బీరువాలో ఉన్న కార్డు గుర్తొచ్చింది.

ఆ కార్డు మా అమ్మది. 2010 జూన్‌లో ఒక కంపెనీ దగ్గర పదివేలు తీసుకుంది. కంపెనీ పేరు ఎందుకులెండి, కింద నేను పేరు చెప్పే కంపెనీ మాత్రం కాదు. కార్డు మీద యాభై గడులు. ఒక్కో గడికి రూ. 224. పదిహేడు గడుల్లో సంతకాలు ఉన్నాయి, చివరిది 2010 అక్టోబర్ 12. మిగిలిన 33 ఖాళీ.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే నేను కూడా ఇక్కడే మోసపోయాను. 224ను యాభైతో గుణిస్తే 11,200. పదివేలకు వడ్డీ 1,200. అంటే 12 శాతమే కదా, బ్యాంకులాగే ఉందే అనుకున్నాను. కానీ ఆ పదివేలు ఏడాదంతా అమ్మ చేతిలో లేవు. మొదటి వారం నుంచే తిరిగి వెళ్లిపోతున్నాయి. ఇరవై ఐదో వారానికి సగం వెళ్లిపోయాయి. సగటున చూస్తే ఆమె దగ్గర ఉన్నది సుమారు ఐదువేలు, వడ్డీ కట్టింది మాత్రం పదివేల మీద. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మిగిలిన అసలు మీద మాత్రమే వడ్డీ లెక్కేస్తే అది తగ్గే బాకీ పద్ధతి. ఆ పద్ధతిలో ఈ లోన్ అసలు రేటు ఎంతో చిన్న పైథాన్ లూప్‌తో వెతికితే ఏడాదికి 23.6 శాతం వచ్చింది. నమ్మకపోతే మీరూ రన్ చేసి చూడండి. ఫోన్ ఈఎంఐ తీసుకున్న వాళ్లు తప్పకుండా చేయండి.

ఈ సంఖ్యను అమ్మకు చెప్తే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "అంటే నూటికి రెండు రూపాయలు" అంది. నెలకు వందకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. నేను లూప్ రాసి కనుక్కున్నది ఆమె వేలు మడవకుండా చెప్పేసింది. ఊళ్లో వడ్డీ ఎప్పుడూ ఇలాగే మాట్లాడుకుంటారు కదా. పావలా వడ్డీ పథకం పేరు కూడా అంతే: వందకు నెలకు పావలా, ఏడాదికి మూడు శాతం.

సరే, ఊళ్లో షావుకారు కూడా రెండు రూపాయలకే ఇస్తాడు అనుకుందాం. ఆయన దగ్గర జూన్‌లో పదివేలు తీసుకుని, వడ్లు అమ్మాక ఆరు నెలలకు ఒకేసారి కడితే వడ్డీ ఎంత? నెలకు 200, ఆరు నెలలకు 1,200. మొత్తం 11,200. కంపెనీ లెక్క, షావుకారు లెక్క పైసా తేడా లేకుండా ఒకటే! తేడా అంతా ఎప్పుడు కట్టాలి అన్నదాంట్లో ఉంది.

ఇది అర్థం కావాలంటే మా దగ్గర పైసలు ఎప్పుడొస్తాయో తెలియాలి. బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు. కాలువ నీళ్లు వస్తే రెండు పంటల వరి. వానాకాలం నాట్లు జూలై, ఆగస్టుల్లో. ఆ వడ్ల డబ్బు చేతికొచ్చేది నవంబర్ దాటాకే. యాసంగి డబ్బు వేసవిలో. కౌలు రైతు ఇంట్లో ఏడాదికి రెండుసార్లు జీతం పడుతుంది, అదీ కాలువ నీళ్లు వదిలితే. మా నాన్న అప్పుడు మూడెకరాలు కౌలుకు చేసేవాడు. అమ్మకు నాట్లప్పుడు కూలి వస్తుంది, తర్వాత కలుపు తీసే పని కొన్ని రోజులు, తర్వాత ఏమీ ఉండదు. జూన్ నుంచి అక్టోబర్ వరకు ఇంట్లో ఉన్నదంతా పొలంలోకే పోయే కాలం. కంపెనీ కిస్తీ మొదలైంది జూన్‌లో. నవంబర్ చివరికి, అంటే ఇరవై నాలుగు వారాలకు, కట్టాల్సింది రూ. 5,376. పంట ఇంటికి రాకముందే అప్పులో సగం వెనక్కి వెళ్లిపోతుందన్నమాట. ఎరువుల బస్తాలకో, విత్తనాలకో అని తెచ్చిన పైసలు వారం వారం తిరిగి వెళ్లిపోతుంటే ఇక పొలానికి పెట్టేది ఏముంది?

"వారం వారం ఏడికెళ్లి తేవాలె బిడ్డా? మంగళవారం పొద్దున్నే అందరం కూసోవాలె. గ్రూపుల ఒక్కరు తేకపోయినా ఎవ్వల్ని లేవనియ్యకపోయేది" అంటుంది అమ్మ. భర్త గల్ఫ్‌లో ఉన్న వాళ్లకు అంత ఇబ్బంది లేదట, వాళ్లకు నెల నెలా డబ్బు వచ్చేది. మిగతా వాళ్లు సంఘంలో తెచ్చి కంపెనీకి కట్టేవారు, ఇంకో కంపెనీలో తెచ్చి సంఘానికి కట్టేవారు.

షావుకారును హీరో చేస్తున్నానని అనుకోకండి. రెండు రూపాయలకు ఇచ్చేది పొలమో బంగారమో ఉన్నవాళ్లకే. లేనివాళ్లకు మూడు, ఐదు. పైగా పంట ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన ధరకు. కానీ పంట వచ్చేదాకా ఆగుతాడు. కంపెనీ ఆగదు.

మరి ఈ వారం కిస్తీ ఆలోచన ఎక్కడిది? బంగ్లాదేశ్‌ది. 1976లో జోబ్రా అనే ఊళ్లో మహమ్మద్ యూనస్ 42 మందికి తన జేబులోంచి 27 డాలర్లు ఇచ్చాడు. వాళ్లలో వెదురు స్టూళ్లు అల్లేవాళ్లు ఉన్నారు. స్టూలు అల్లితే సాయంత్రానికి డబ్బు. పాలు అమ్మినా, రిక్షా తొక్కినా అంతే. రోజూ డబ్బు చూసేవాళ్లకు వారం కిస్తీ సాయమే, చేతిలో ఉంటే ఖర్చయిపోతుంది కాబట్టి. 1983లో గ్రామీణ్ బ్యాంక్ అయ్యింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ మోడల్ ప్రపంచమంతా కాపీ అయ్యింది, మా దగ్గరికి కూడా. ఎస్‌కేఎస్ అనే సంస్థ మొదట పనిచేసింది మాకు పక్కనే, మంజీరకు అవతల నారాయణఖేడ్‌లో, 1998లో. అదే సంస్థ 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయ్యింది. కోడ్ కాపీ చేసేటప్పుడు ఇన్‌పుట్ ఏ ఫార్మాట్‌లో వస్తుందో చూడకుండా పేస్ట్ చేస్తే ఏమవుతుందో మనకు ల్యాబ్‌లో తెలిసిందే.

2010లో ఒకరికే నాలుగైదు కంపెనీలు లోన్లు ఇవ్వడం, వసూళ్లలో వేధింపులు, ఆత్మహత్యల వార్తలు, అన్నీ కలిసి అక్టోబర్ 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి, వసూళ్లు ఇళ్ల దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోటే చేయాలి, వారం కిస్తీ బదులు నెల కిస్తీ ఉండాలి, వడ్డీ అసలును మించకూడదు. ఆ తర్వాత రాష్ట్రమంతా జనం కట్టడం ఆపేశారు. అమ్మ కార్డులో చివరి సంతకం అక్టోబర్ 12 ఎందుకో అప్పుడర్థమైంది. తర్వాతి మంగళవారం అక్టోబర్ 19, అప్పటికి ఆర్డినెన్స్ వచ్చి నాలుగు రోజులు. మిగిలిన బాకీ 33 గడులకు రూ. 7,392.

"మరి కట్టలేదా?" అని అడిగాను.

"అందరు కట్టొద్దన్నరు. నేనూ కట్టలే" అని కాసేపు ఆగి, "తీసుకున్నప్పుడైతే దండం పెట్టి తీసుకున్న" అంది. ఇంకా అడగాలనిపించలేదు.

మాకు ఇందులో లాభమే కదా అనిపిస్తుంది. కానీ మరుసటి ఏడాది నాన్నకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇచ్చే కంపెనీ ఊళ్లో ఒక్కటీ లేదు. అమ్మ కమ్మలు గిర్వి పెట్టి మూడు రూపాయలకు తెచ్చారు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదట. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సంక్షోభం మీదే 2021లో ఒక పేపర్ ప్రచురించారు. ఇక్కడ కంపెనీలు దెబ్బతినడంతో దేశంలో వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులు ఆగిపోయాయి. అలా ఆగిన జిల్లాల్లో కూలి రేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయని వాళ్లు చూపించారు. అప్పు ఉంటే బాధ, పోతే ఇంకో బాధ.

ఇప్పుడు హైదరాబాద్ పరిశోధన. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, కినన్ కలిసి చేశారు. 104 బస్తీలు తీసుకుని, లాటరీ లాగా 52 ఎంపిక చేసి, ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ముందు అక్కడ మాత్రమే లోన్లు ఇచ్చేలా చూశారు. ఏడాది దాటాక రెండు వైపులా ఇళ్లను పోల్చారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టుబడి పెట్టారు. ఇంట్లోకి వస్తువులు వచ్చాయి. టీ, బీడీ లాంటి ఖర్చు తగ్గింది. కానీ ఇంటి మొత్తం ఖర్చు, ఆరోగ్యం, పిల్లల చదువు, ఆడవాళ్ల మాటకు విలువ, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2015లో ఇది అచ్చయినప్పుడు ఇంకో ఐదు దేశాల ఫలితాలు కూడా పక్కనే వచ్చాయి, దాదాపు ఇదే మాట. 2019లో బెనర్జీ, డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు నోబెల్ ఇచ్చింది ఇలాంటి ప్రయోగ పద్ధతికే.

ఫలితం కరెక్టే అయి ఉంటుంది. నాకు మాత్రం ఒక చిన్న గొడవ ఉంది. అమ్మ లోన్ ఫారంలో 'కుట్టు మిషన్' అని రాయించింది. సెకండ్ హ్యాండ్ మిషన్ నాలుగువేలకు వచ్చింది. మిగతా ఆరువేలు నా ఎల్‌కేజీ ఫీజు, యూనిఫామ్, బూట్లు. ఏడాది తర్వాత ఎవరైనా సర్వేకు వస్తే, 'వ్యాపారంలో లాభం లేదు' అని రాసుకుని వెళ్లేవారు. వాళ్ల తప్పు కాదు, ఏడాదిలో ఎల్‌కేజీ పిల్లల దగ్గర చూపించడానికి ఏబీసీడీలు తప్ప ఏముంటాయి?

కిస్తీ టైమింగ్ మీద కూడా ఒక ప్రయోగం జరిగింది, కోల్‌కతాలో. కొంతమందికి మామూలుగా రెండు వారాలకే కిస్తీ మొదలైంది, కొంతమందికి రెండు నెలలు ఆగారు. ఆగిన వాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, తర్వాత లాభం కూడా ఎక్కువే. అయితే కట్టకుండా ఎగ్గొట్టినవాళ్లూ పెరిగారు. కంపెనీలకు వారం కిస్తీ మీద అంత ప్రేమ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక మన బ్రాంచ్ విషయం. మంగళవారం మీటింగ్‌లో కంపెనీకి గ్యారంటీ ఏంటి? బంగారం కాదు, పొలం కాదు, పదిమంది ముందు పరువు. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో పోలీసులు లోన్ యాప్‌ల మీద పెద్ద ఎత్తున కేసులు పెట్టినప్పుడు బయటపడింది కూడా అదే. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్ పర్మిషన్ తీసుకుంటుంది, కట్టకపోతే ఫోన్‌లో ఉన్న అందరికీ మెసేజ్‌లు పెడుతుంది. గ్రూపులో పదిమంది పోయి కాంటాక్ట్స్‌లో ఐదొందల మంది వచ్చారు, వారం పోయి ఏడు రోజుల లోన్ వచ్చింది. ఆ పర్మిషన్ కోడ్ రాసింది మనలాంటి ఇంజినీర్లే. 2022లో రిజర్వ్ బ్యాంకు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ జోలికి పోవద్దని రూల్ పెట్టింది. హాస్టల్‌లో లోన్ యాప్ వాడే వాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మీ పర్మిషన్లు ఒకసారి చూసుకోండి, అంతే చెప్తున్నా.

అదే 2022లో మైక్రోఫైనాన్స్‌కు కూడా కొత్త రూల్స్ వచ్చాయి. ఇంటి అప్పులన్నిటి కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. కిస్తీ ఎన్నాళ్లకోసారి కట్టాలో తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి ఉండేలా కంపెనీలు ఒక పాలసీ పెట్టుకోవాలి. రెండోది చదివి సంతోషమేసింది. మొదటిది చదివి అమ్మను అడిగాను, "మన నెల ఆదాయం ఎంతని రాస్తావు?"

"ఏ నెలది?" అంది.

అందుకే 52 వారాల అర్రే ఒకటి రాశాను. జూన్ మొదటి వారం సున్నా ఇండెక్స్. నాట్ల కూలి, కలుపు కూలి, వడ్ల డబ్బు, మిషన్ మీద కుట్టినవి. అన్నీ నేనే ఊహించి పెట్టి, కిస్తీ కట్టలేని వారాలు ఎన్నో చూస్తే ఆరు వచ్చాయి. ఆదివారం ఇంటికెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ అమ్మ ముందు పెట్టాను. ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో వారం చదివించుకుంది. "నాట్ల పైసలు అదే వారం రావు, మేస్త్రి పది రోజులకు ఇస్తడు. బతుకమ్మకు ఆడబిడ్డలొస్తరు, చీరలు, సామాను, గదేది? యూరియా రెండుసార్లు రాసినవ్, మూడుసార్లు." మార్చి మళ్లీ రన్ చేశాను. పద్నాలుగు.