కొండ దిగాక వారం రోజులు

ప్రశ్న: ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని పూలలోయ, హేమకుండ్ ట్రెక్‌కి వెళ్తున్నాం. దిగాక ఓ వారం విశ్రాంతిగా గడపాలనుంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి? - ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: విశ్రాంతికి రిషికేశ్ మంచి చోటు. అయితే కొండ దిగాక చేరే గోవింద్‌ఘాట్ నుంచి అక్కడికి దాదాపు 270 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. వానల్లో కొండచరియలు విరిగిపడి గంటల తరబడి ఆగిపోవచ్చు. అందుకే మొదటి రెండు రోజులూ ప్రయాణానికే వదిలేయండి. తెల్లవారుజామునే బయల్దేరి, చీకటి పడకముందే రుద్రప్రయాగలో ఆగండి. రాత్రి ప్రయాణం వద్దే వద్దు.

మూడో రోజు పూర్తిగా కాళ్లకే ఇవ్వండి. తడి బూట్లలో పాత న్యూస్‌పేపర్లు ఉండచుట్టి కుక్కితే తేమ పీల్చేస్తాయి. వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి. పిక్కలు పట్టేసినా మంచానికే అతుక్కుపోకుండా మెల్లగా నాలుగడుగులు వేయండి. ఒక్క కాలే వాచి నొప్పెడితే మాత్రం డాక్టర్ని కలవాలి.

తర్వాతి మూడు రోజులూ యోగా, పుస్తకం, సాయంత్రం గంగా హారతి చాలు. వర్షాకాలంలో రాఫ్టింగ్ ఉండదు. నది ఉద్ధృతంగా ఉంటుంది కాబట్టి స్నానానికి దిగొద్దు, గట్టు మీద నుంచే దండం పెట్టుకోండి.

ఏడో రోజును ఖాళీగా ఉంచండి. దారిలో ఆలస్యమైనా డెహ్రాడూన్ విమానం తప్పిపోదు.

ఇంకో మాట: ఉత్తరాది శ్రావణం మనకన్నా పదిహేను రోజుల ముందే వస్తుంది. అప్పుడు కావడి యాత్రికులతో హరిద్వార్, రిషికేశ్ కిక్కిరిసిపోతాయి. మన శ్రావణం మొదలయ్యాక వెళ్తే ఆ రద్దీ ఉండదు. క్షేమంగా వెళ్లి రండి.