చదవడం నేర్పే చదువు

కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఏమి చదవాలో చెప్పేవారు అనేకులు. ఎట్లా చదవాలో చెప్పేవారు అరుదు. పాఠశాలలో ఉపాధ్యాయుడే పాఠం చదివించి, ప్రశ్నలకు జవాబులు వ్రాయించి, పరీక్షకు సిద్ధం చేస్తాడు. కళాశాలలో ఉపన్యాసం ముగియడంతోనే అధ్యాపకుని బాధ్యత దాదాపు ముగుస్తుంది. చదువుకున్న కుటుంబాలలో ఈ లోటును అన్నగారో, అక్కగారో తీరుస్తారు. తమ ఇంట మొట్టమొదటగా కళాశాల గడప తొక్కిన యువతీయువకులకు ఆ ఆసరా ఉండదు. వారు పరీక్ష తప్పితే లోపాన్ని వారి తెలివితేటలకు అంటగట్టడం పరిపాటి.

ఈ వెలితిని పూరించడానికి ఉద్దేశించినవే అధ్యయన నైపుణ్యాల కోర్సులు. అమెరికాలోని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో ప్రచురించిన గ్రంథంలో అయిదు మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. అధ్యాయాన్ని ముందుగా పైపైన పరిశీలించాలి. శీర్షికలను ప్రశ్నలుగా మార్చుకోవాలి. జవాబు వెదుకుతూ చదవాలి. పుస్తకం మూసి ఆ జవాబును తనకు తానే చెప్పుకోవాలి. చివరకు అంతటినీ ఒకసారి నెమరువేయాలి. వీటిలో నాలుగవ మెట్టు మనకు కొత్తది కాదు. వీధిబడులలో పంతులుగారి ఎదుట పాఠం అప్పజెప్పడం ఇటువంటిదే. దానిని వట్టి బట్టీ అని ఎగతాళి చేయడం తేలిక. అర్థం తెలియకుండా వల్లెవేయించడం దోషమే కాని, పుస్తకం చూడకుండా చెప్పించడం దోషం కాదు.

ఇందుకు బలమైన నిదర్శనం 2006లో లభించింది. సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులకు ఒక గద్యభాగాన్ని ఇచ్చారు. కొందరు దానిని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతలలో జ్ఞాపకమున్నంత వరకు కాగితంపై వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మొదటివారిదే పైచేయి. వారం గడిచాక పరీక్షిస్తే వారికి 40 శాతం మాత్రమే గుర్తున్నది. రెండవవారికి 61 శాతం గుర్తున్నది. అయినా బాగా గుర్తుంటుందన్న ధీమా పదేపదే చదివినవారికే ఎక్కువగా ఉండటం గమనార్హం. పరీక్ష ముందురాత్రి తెల్లవార్లూ పుస్తకం తిరగవేసే విద్యార్థి ధైర్యం కూడా ఈ కోవలోదే.

2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, స్వీయపరీక్షకు, రోజుల వ్యవధితో చేసే పునశ్చరణకు అగ్రస్థానమిచ్చారు. వాక్యాల కింద గీతలు గీయడం, చదివినదే మళ్లీ చదవడం అట్టడుగున నిలిచాయి. మన హాస్టలు గదులలో అధిక ప్రచారంలో ఉన్నవి ఈ రెండే!

మరి కోర్సులో చేరినంత మాత్రాన మార్కులు పెరుగుతాయా? ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఇష్టపడి చేరేవారు సహజంగానే పట్టుదల గలవారు. వారికి మంచి మార్కులు వస్తే ఆ ఘనత కోర్సుదా, పట్టుదలదా అని తేల్చడం కష్టం. 1996లో హాటీ, బిగ్స్, పర్డీ అనే విద్యావేత్తలు 51 అధ్యయనాలను క్రోడీకరించి ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించారు. పాఠ్యవిషయంతో ముడిపెట్టి, విద్యార్థి చేత పని చేయించి, తన చదువు తీరును తానే గమనించుకొనేటట్లు నేర్పిన శిక్షణ ఎక్కువ ఫలితమిచ్చింది. చరిత్ర చదివే తీరు వేరు, గణితం చదివే తీరు వేరు. రెండింటినీ విడిచి ‘చదవడం ఎలా?’ అని ఉపన్యసించడం ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పడమే.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం షెడ్యూల్డు కులాలు, తెగలు, అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల కోసం ప్రత్యేక బోధన తరగతులకు గతంలో సహాయమిచ్చింది. కొత్త విద్యార్థులను కళాశాల వాతావరణానికి అలవాటు చేసేందుకు 2019లో ‘దీక్షారంభ్’ మార్గదర్శకాలను వెలువరించింది. ఇవి అవసరమైనవే. అయితే మొదటి వారంలో చెప్పిన హితవు పరీక్షల నాటికి నిలవదు. పైగా భాష అడ్డు ఒకటున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కళాశాలలలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. తెలుగులో చదివి వచ్చిన విద్యార్థి ద్రవ్యోల్బణం అనే భావంతోను, దానిని వివరించే పరభాషతోను ఏకకాలంలో పెనుగులాడవలసి ఉంటుంది.

ఇందుకు ప్రత్యేక కోర్సు కన్న అర్థశాస్త్ర అధ్యాపకుడు తన గంటలోనే పది నిమిషాలు కేటాయించడం మేలు. పుస్తకాలు మూయించి, ధరలు ఎందుకు పెరుగుతాయో నాలుగు వాక్యాలు వ్రాయమనవచ్చు. తొలుత తెలుగులో వ్రాసినా అభ్యంతరం ఉండరాదు. భావం కుదిరిన తరువాత దానినే ఆంగ్లంలో వ్రాయించవచ్చు. అదే ప్రశ్నను మూడు రోజుల తరువాత ఒకసారి, పక్షం తరువాత మరొకసారి అడగాలి. మార్కులు వేయనక్కరలేదు, తప్పొప్పులను అప్పటికప్పుడు చెబితే చాలును. వంద మంది ఉన్న తరగతిలో అన్ని కాగితాలు దిద్దడం అసాధ్యం కనుక, పక్కపక్కనున్నవారు ఒకరి జవాబు ఒకరు చూచుకొనే ఏర్పాటు చేయవచ్చు.