బతికి బయటపడ్డాక ఏం చేయాలి?

చావు అంచు దాకా వెళ్ళొచ్చిన మనిషి మారిపోతాడని అందరూ అంటారు. మన పెద్దవాళ్ళకు మాత్రం ఈ మాట మీద అంత నమ్మకం లేదు. కాటి నుంచి తిరిగొచ్చి స్నానం చేసేదాకా ఉండే జ్ఞానానికి శ్మశాన వైరాగ్యమని, నొప్పులు పడుతున్నంతసేపు ఉండేదానికి ప్రసూతి వైరాగ్యమని, హరికథ పూర్తయ్యేదాకా నిలిచేదానికి పురాణ వైరాగ్యమని పేర్లు పెట్టి వదిలేశారు. ‘ఏం పట్టుకుపోతాం’ అని కాటి దగ్గర నిట్టూర్చినవాడే పెద్దకర్మ కాకముందే గట్టు తగాదాకి దిగుతాడు. భయం మనిషిని కుదుపుతుంది, అంతవరకే. ఆ కుదుపు చల్లారాక ఏం చేశామన్నదే అసలు లెక్క.

అమెరికాలో హడ్సన్ నది మీద దిగిన విమానం కథని నేను ఈ కంటితోనే చూస్తాను. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఆ కథ బాగా నలిగింది. కానీ వక్తలు చాలామంది విమానం నీళ్ళ మీద తేలగానే చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. నాకు ఆసక్తి ఉన్న భాగం అక్కడే మొదలవుతుంది.

2009 జనవరి 15. న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయం నుంచి షార్లెట్ నగరానికి బయలుదేరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానంలో 150 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది ఉన్నారు. నేల విడిచి రెండు నిమిషాలు దాటాయో లేదో, సుమారు 2,800 అడుగుల ఎత్తులో కెనడా బాతుల గుంపు ఎదురొచ్చింది. రెండు ఇంజిన్లూ దెబ్బతిని, చాలినంత బలం లేకుండా పోయాయి. అప్పటిదాకా విమానం నడుపుతున్నది కెప్టెన్ కాదు, ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్. ఎయిర్‌బస్ ఎ320 శిక్షణ పూర్తి చేసుకుని, ఆ రకం విమానం మీద తొలి డ్యూటీకి వచ్చినవాడు. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ ఒక్కమాట చెప్పి కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకున్నాడు. తోక భాగంలో ఉండే చిన్న సహాయక ఇంజిన్‌ని వెంటనే ఆన్ చేశాడు. చెక్‌లిస్ట్‌లో ఆ పని చాలా కిందికి ఉంది. విమానం ఇరవై వేల అడుగుల పైన ఉంటుంది, తీరిగ్గా చదువుకోవచ్చు అనుకుని రాసిన మూడు పేజీల జాబితా అది. వీళ్ళకున్నది మూడున్నర నిమిషాలు. స్కైల్స్ చకచకా చదువుతూ చేస్తూ పోయినా మూడోవంతు దాటలేకపోయాడు. కెప్టెన్ వరస తప్పించి ముందే చేసిన ఆ పని వల్ల విద్యుత్తు నిలిచింది, విమానం చివరిదాకా చేతిలో ఉంది.

నీళ్ళను తాకడానికి అర నిమిషం కూడా లేనప్పుడు కెప్టెన్ పక్కకి తిరిగి, ఇంకేమైనా ఉపాయం తోస్తోందా అని అడిగాడు. నిజానికి లేదన్నాడు స్కైల్స్. కాక్‌పిట్ రికార్డర్‌లో నమోదైన ఈ రెండు ముక్కలు చాలామంది పట్టించుకోరు. ఇరవై వేల గంటలకు దగ్గరగా విమానం నడిపిన మనిషి, ఈ విమానానికి కొత్తవాడైన కింది అధికారిని ఆ క్షణంలో సలహా అడిగాడు. మన ఆఫీసుల్లో వారం గడువున్న ఫైలు మీద కూడా గుమాస్తాని ‘నువ్వేమంటావ్’ అని అడిగే అధికారి ఎంతమంది ఉంటారు? జవాబు దొరకకపోవడం వేరే సంగతి. అడగడం అలవాటై ఉండాలి, అప్పటికప్పుడు రాదు.

విమానం నదిలో దిగింది. వెనక భాగం పగిలి నీళ్ళు లోపలికి వచ్చాయి. ప్రయాణికులు రెక్కల మీద బారులు తీరి నిలబడ్డారు. బయట చలి సున్నాకు ఏడు డిగ్రీలు కింద. నిమిషాల్లో ఫెర్రీ పడవలు చేరాయి. 155 మందీ బతికారు. అదృష్టం కూడా చాలా కలిసొచ్చింది, చెప్పకపోతే తప్పవుతుంది. పట్టపగలు, నది ప్రశాంతంగా ఉంది, పడవలు తిరిగే చోటు. పైగా సముద్రం మీద ప్రయాణానికి తగిన తేలే స్లైడ్లు ఆ విమానానికి ఉన్నాయి. ఆ దారికి అవి తప్పనిసరి కాదు, ఉండటం యాదృచ్ఛికం. విజయగాథలు రాసేవాళ్ళు ఇలాంటి వాక్యాలు మింగేస్తారు.

దర్యాప్తు నివేదికలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. విమానం కదలకముందు సిబ్బంది చూపించే భద్రతా సూచనల్ని ఆ రోజు ప్రయాణికుల్లో నూటికి డెబ్బై మంది చూడనేలేదు. తరచూ తిరిగేవాళ్ళం, మాకు తెలిసిందేగా అనుకున్నారు. తీరా నీళ్ళలో దిగాక లైఫ్ జాకెట్ గుర్తొచ్చి తీసుకున్నవాళ్ళు తక్కువ, దాన్ని నడుముకు సరిగ్గా బిగించుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. శంషాబాద్‌లో ఎక్కి ఫోన్లో తల దూర్చే మనమూ అంతే. ‘తెలుసు’ అనేది చేతికి తెలియాలి. నోటికి తెలిస్తే చాలదు. సీటు కింద చెయ్యి పెట్టి జాకెట్ ఎక్కడుందో ఒకసారి తడిమి చూసుకోవడం, దగ్గరి ద్వారం ఎన్ని వరసల అవతల ఉందో లెక్కపెట్టుకోవడం, దీనికి అర నిమిషం పడుతుంది. 1996లో హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో కూలినప్పుడు, కొంతమంది లోపలే జాకెట్‌లో గాలి నింపేసుకున్నారు. నీళ్ళు పైకి వచ్చేసరికి కప్పుకు అతుక్కుపోయి బయటికి ఈదలేకపోయారు. ద్వారం దాటాకే గాలి నింపమని సిబ్బంది రోజూ చెప్పే ఆ విసుగు మాట వెనక ఇంత ఉంది.

ఇక తర్వాతి సంగతి. హడ్సన్ విమానంలో మొదటి వరసలో కూర్చున్న రిక్ ఎలియాస్ అనే వ్యాపారవేత్త రెండేళ్ళ తర్వాత టెడ్ వేదిక మీద కొన్ని నిమిషాలు మాట్లాడాడు. ఇంజిన్లు ఆగిపోయి విమానం నిశ్శబ్దంగా దిగుతున్నప్పుడు తనకు భయం కన్నా దిగులే ఎక్కువ కలిగిందట, పిల్లలు పెరగడం చూడలేనే అని. అందరూ ఇలాంటి మాటలు చెబుతారు. ఎలియాస్‌లో నాకు నచ్చింది, ఆ దిగులుని పనులుగా మార్చుకున్న తీరు. మంచి పనుల్ని వాయిదా వెయ్యనని అనుకుని ఊరుకోలేదు. మంచి వైన్ సీసా ఉండి, తాగే మనిషి ఎదురుగా ఉంటే ఆ రోజే మూత తీస్తానన్నాడు. అహం తగ్గించుకుంటాననడం తేలిక. భార్యతో వాదనలో గెలవడం మానేశానని, రెండేళ్ళుగా పోట్లాట లేదని చెప్పాడు. తన మాటే నెగ్గాలన్న పంతం కన్నా సంతోషంగా ఉండటాన్నే ఎంచుకుంటున్నానన్నాడు.

వైన్ సంగతి మన ఇళ్ళకు నప్పకపోవచ్చు. మన బీరువాలో అదే పనిచేసే వస్తువులు బోలెడు. నాఫ్తలిన్ ఉండలేసి మడత పెట్టిన కంచిపట్టు చీర, ‘ఎవరైనా వస్తే’ అని అట్టపెట్టెలోనే ఉన్న కప్పులు, మంచిరోజు చూసి తీద్దామనుకున్న వెండి కంచం. ఆ ‘ఎవరైనా’ వచ్చిన రోజున కూడా అవి బయటికి రావు. ఇంట్లో ఉన్న మనుషులు ఆ ‘ఎవరైనా’లో ఎందుకు లేరు? వచ్చే ఆదివారం అమ్మకి ఆ కప్పులోనే కాఫీ ఇవ్వండి. ఆవిడ గొణుగుతుంది, ఇవ్వండి. ‘జీవితాన్ని ఆస్వాదించాలి’ అని డైరీలో రాసుకున్నది వైరాగ్యం లాగే ఆవిరైపోతుంది. కప్పు బయటికి తీస్తే అది రేపు కూడా షెల్ఫు మీద కళ్ళెదుట ఉంటుంది. సంకల్పం కళ్ళకు కనబడే రూపంలో ఉండాలి. పెద్దది కానక్కర్లేదు.

అయితే ఎలియాస్ కథ ఒక్కటే చెప్పి ఆపేస్తే చావు గండం అనేది ఏదో వరమన్నట్టు ఉంటుంది. కెప్టెన్ సల్లెన్‌బర్గర్‌కి ఆ తర్వాత వారాల తరబడి సరిగ్గా నిద్ర పట్టలేదు. రక్తపోటు, గుండె వేగం పెరిగాయి. లోకమంతా హీరో అంటున్న రోజుల్లోనే రాత్రిళ్ళు ఆ నిమిషాలు మళ్ళీ మళ్ళీ తిరిగాయి. ఇంకేదైనా చేసి ఉండవచ్చా అన్న ప్రశ్న వదల్లేదు. ఇవన్నీ ఆయనే దాచకుండా చెప్పాడు. 2009 అక్టోబరులో గాని మళ్ళీ కాక్‌పిట్‌లో కూర్చోలేదు.

అందరికన్నా ఆశ్చర్యం పాట్రిక్ హార్టన్ పరిస్థితి. అతను విమానంలోనే లేడు. రాడార్ తెర ముందు కూర్చుని ఆ విమానంతో మాట్లాడిన కంట్రోలర్. ఈ రన్‌వే తీసుకోండి, ఆ రన్‌వే తీసుకోండి అని దారి వెతుకుతుంటే, హడ్సన్‌లో దిగుతున్నామన్న మాట వినిపించింది. నదిలో దిగిన విమానంలో ఎవరూ మిగలరనే అనుకున్నాడు. వాళ్ళతో చివరిగా మాట్లాడిన మనిషిని నేనేనన్న తలపుతో కుమిలిపోయాడు. ప్రమాదం జరిగింది, నేను బాగాలేను, ఇప్పుడు మాట్లాడలేను అని భార్యకి మూడు ముక్కల మెసేజ్ పెట్టాడు. అందరూ బతికారని తెలిశాక కూడా ఆ దెబ్బ ఒక పట్టాన తగ్గలేదు. 2009 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఇదంతా చెప్పాడు. ఒక్క ప్రాణం పోకపోయినా ఒంటి మీద గీత పడకపోయినా మనసుకి గాయం అవుతుందని అంతకన్నా స్పష్టంగా చెప్పిన సాక్ష్యం నేను చదవలేదు.

విచిత్రంగా, ఆ విమానం వెళ్ళాల్సిన షార్లెట్ నగరంలోని విశ్వవిద్యాలయంలోనే రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పనిచేశారు. ఘోరమైన దెబ్బ తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలని 1990ల మధ్య నుంచీ అధ్యయనం చేసినవాళ్ళు. వాళ్ళు చెప్పేది మన ప్రేరణ ప్రసంగాలకు కొంచెం అడ్డంగా ఉంటుంది. ప్రమాదం ఎవర్నీ ఎదిగించదు. దాని తర్వాత నెలల తరబడి మనసుతో చేసే పెనుగులాట నుంచి కొందరికి ఎదుగుదల వస్తుంది. వచ్చినా బాధ పోదు, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. బాధ ఉందంటే వికాసం రాలేదని కాదు. వికాసం రాలేదంటే తప్పు చేశారనీ కాదు.

అందుకే, రైలు ప్రమాదం నుంచో వరద నుంచో బతికి వచ్చిన మనిషిని చూడటానికి వెళ్ళినప్పుడు మనం చేసే హడావుడి నాకు నచ్చదు. ‘నీకిది పునర్జన్మరా, గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టు’ అంటాం. ప్రేమతోనే అంటాం. అన్నాక ఆ మనిషికి తన భయం చెప్పుకునే దారి మూసుకుపోతుంది. పునర్జన్మ వచ్చినవాడు ఏడిస్తే బాగుంటుందా మరి? ప్రమాదం ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పమని వీధిలో ప్రతివాడూ అడగడం ఇంకో హింస. చెప్పాలనిపిస్తే చెప్పనివ్వాలి. లేకపోతే పక్కన కూర్చుని, రాత్రి నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడిగితే చాలు. ఇంట్లోవాళ్ళు బడి, బ్యాంకు, కరెంటు బిల్లు లాంటి పనులు కొన్నాళ్ళు తమ మీద వేసుకుంటే, అదే వందమంది పరామర్శ.

నెల దాటినా పీడకలలు తగ్గకపోయినా, బస్సు హారన్‌కి ఉలిక్కిపడుతున్నా, ఆ దారిలో వెళ్ళడానికే ఒప్పుకోకపోయినా మనోవైద్యుణ్ణి కలవాలి. పిచ్చి అని ముద్ర వేస్తారన్న బెరుకు ఉంటే ముందు ఫోన్లోనే మాట్లాడొచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే చెప్పుకోవచ్చు.