వేపాకు కషాయంలో వెండి

చెల్లెళ్లూ, ఇవాళ వేపాకు గురించి ముచ్చట్లాడుకుందాం. అమ్మవారు పోస్తే మంచం పక్కన పెట్టే వేపమండలు మీకు తెలిసినవే. అదే ఆకుతో పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో మురళీ శాస్త్రి గారి బృందం ఏం చేసిందో వింటే ముచ్చటేస్తుంది. 2004లో ప్రచురించిన పని అది.

ఆకు కడిగి, తుంచి, నీళ్లలో మరిగించి వడకట్టారు. అంటే మన కషాయమే! దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపారు. ఆకులోని చక్కెరలు, టెర్పినాయిడ్ల వంటివి కరిగి ఉన్న వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మారుస్తాయి. కొన్ని గంటల్లో ద్రవం పసుపుకీ, గోధుమరంగుకీ తిరుగుతుంది. ఆ రంగు వెండిదే. నూరు నానోమీటర్ల లోపు రేణువులైతే వెండి తెల్లగా మెరవదు. వెలుతురులోని ఊదా, నీలం వన్నెలను పట్టేసుకుని పసుప్పచ్చగా కనిపిస్తుంది. మళ్లీ ఆకులోని పదార్థాలే రేణువుల చుట్టూ పూతలా పట్టుకుని ఉంటాయి, ఒత్తిన చపాతీలు అంటుకోకుండా పొడిపిండి చల్లినట్టు. మామూలుగానైతే ఈ పనికి సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనాలు కావాలి.

వెండికీ సూక్ష్మక్రిములకూ పాత పగ. 1880లలో జర్మనీలో క్రెడే అనే డాక్టరు పసిబిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి, కాన్పులో సోకే గనేరియా వల్ల చూపు పోకుండా ఎందరినో కాపాడారు. కాలిన పుండ్లకు రాసే సిల్వర్ సల్ఫాడయాజిన్ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టరులో ఊకబూడిదకు నానో వెండి పట్టించారు. రేణువు ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ఉపరితలం, అంత జోరుగా అయాన్లు బయటికొస్తాయి. అవి క్రిమి ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని దాని పని ఆపేస్తాయి.

నా భయమల్లా ఒక్కటే. ఆకుతో చేశారు కదా, తాగితే ఏమవుతుందిలే అనుకుంటారేమోనని. వద్దమ్మా! ఆకు మనదే అయినా లోపలున్నది లోహం. వెండి నీళ్లు అదేపనిగా తాగినవాళ్ల చర్మం నీలిబూడిద రంగుకి మారుతుంది, ఆ రంగు ఇక పోదు. ఇలాంటివి సురక్షితమనీ పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. సిల్వర్ నైట్రేట్ కూడా వంటింట్లో పెట్టుకునే సరుకు కాదు. చర్మాన్ని కాలుస్తుంది, నల్లమచ్చ వేస్తుంది.

ఇంకో చిక్కుంది. చైత్రంలో చిగురూ వానాకాలపు ముదురాకూ ఒకటి కావు. కషాయం మారితే రేణువు సైజూ మారుతుంది. మందు విషయంలో ఆ తేడా ఒప్పుకోలేం. మీ ఇంట్లో ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఈ ప్రయోగం చేస్తుంటే, ఏ చెట్టు ఆకు, ఏ నెలలో కోసింది, ఎంతసేపు మరిగించింది, అన్నీ రాసుకోమనండి. గ్లోవ్స్ వేసుకోమనండి. మిగిలిన ద్రవాన్ని సింకులో పారబోయొద్దని కూడా గట్టిగా చెప్పండి, అది నేలలోనూ నీళ్లలోనూ మనకు మేలుచేసే బాక్టీరియాను కూడా చంపుతుంది.