వెబ్‌సైట్‌కి ముందు నోట్‌బుక్: చాకీ కేంద్రాల వాళ్లకు ఒక పాఠం

ఈ వారం పాఠం ఆకు గురించీ కాదు, పురుగు గురించీ కాదు. చాకీ పురుగులు, మల్బరీ నారు అమ్మేవాళ్లు వెబ్‌సైట్ చేయించుకునే ముందు ఏం సిద్ధం చేసుకోవాలో చూద్దాం.

ముందుగా ఒక మాట. గూళ్లు మాత్రమే పండించే రైతుకు సైట్‌తో పెద్దగా పని లేదు. ధర్మపురిలో అయినా, రామనగరలో అయినా, హిందూపురంలో అయినా గూళ్లు చూసి వేలం పాడతారు, సైట్ చూసి కాదు. చాకీ అమ్మేవాళ్ల సంగతి వేరు. కొనే రైతు పురుగు చేతికి రాకముందే మనల్ని నమ్మి, తోట కత్తిరింపు, షెడ్డు శుద్ధి అన్నీ మన తేదీకి సరిపెట్టుకుంటాడు. మనం రాసిన తప్పు మాట అతని పంట మీదికే వస్తుంది.

షెడ్డు శుద్ధి చేయకుండా పురుగు దించం కదా, సైట్ కూడా అంతే. డిజైన్ చేసే అబ్బాయికి రంగులు తెలుసు, చాకీ తెలియదు. మనం రాసి ఇవ్వకపోతే ఇంకెక్కడినుంచో నాలుగు మాటలు తెచ్చి నింపేస్తాడు. అందుకే ఒక నోట్‌బుక్ తీసుకుని ఈ పనులు చేయండి.

1. ఫోన్‌లో అడిగేవి రాయండి. పది రోజులు వచ్చిన ప్రతి ప్రశ్నా రాసుకోండి. ఏ రకం? ఏ దశలో ఇస్తారు? ఎప్పుడు దొరుకుతాయి? ధర ఎంత? బండి మీరే పంపుతారా? ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకు జవాబు మొదటి పేజీలో పైన ఉండాలి.

2. నాలుగు పేజీలు చాలు. మేమెవరం, ఏం ఇస్తాం, పురుగులు తీసుకెళ్లే ముందు రైతు చేయాల్సినవి, దారి–ఫోన్. ఒక్కో పేజీకి ఒక్కో కాగితం పెట్టండి. కాగితం నిండకపోతే ఆ పేజీ వద్దు.

3. మన మాట కొత్తవాళ్లకు తెలియాలి. "100 గుడ్లు" అంటే మనకు తెలుసు. కొత్త రైతు నిజంగానే వంద గుడ్లు అనుకుంటాడు. ఒక్కో తల్లి చిలుక పెట్టిన గుడ్లను ఒకటిగా లెక్కిస్తామనీ, అందులోనే సుమారు 400–500 గుడ్లు ఉంటాయనీ ఒక వాక్యం రాయండి. "రెండో జ్వరం" అంటే రోగం అనుకునేవాళ్లూ ఉంటారు. పురుగు మేత మాని పొర విడిచే సమయం అని చెప్పండి.

4. మారేవి వేరు, మారనివి వేరు. చిరునామా, పద్ధతి రోజూ మారవు. చాకీ కట్టే తేదీ, ధర, ఇంకా ఎన్ని ఉన్నాయన్నది మారుతూ ఉంటాయి. వీటిని ఒకేచోట పెట్టి, ఏ రోజు రాశారో కింద వేయండి. మార్చే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. ఎవరూ చూసుకోలేకపోతే "తేదీకి, ధరకు ఫోన్ చేయండి" అని రాస్తే చాలు. పాత తేదీ నమ్మి తోట సిద్ధం చేసుకున్న రైతుకు పురుగు దొరక్కపోతే ఆకు ముదిరిపోతుంది.

5. రుజువున్నదే రాయండి. కేంద్ర పట్టు మండలి చట్టానికి 2006లో వచ్చిన సవరణతో చాకీ కేంద్రాలకు కూడా నమోదు తప్పనిసరి అయింది. ఆ నమోదు పత్రం చూసి నంబరు, గడువు సరిగ్గా ఎక్కించండి. "నూటికి నూరు పంట గ్యారంటీ" అని మాత్రం రాయొద్దు. మన దగ్గరినుంచి వెళ్లాక వేడి, తేమ, ఆకు, శుద్ధి అన్నీ కొన్న రైతు చేతిలోనే ఉంటాయి. చాకీ గదికి చెప్పే 27–28 డిగ్రీల వేడి, 85–90 శాతం తేమ మీ గదిలో నిజంగా ఉంటే అదే రాయండి. అడిగితే చూపించడానికి రోజువారీ రికార్డు దగ్గర ఉంచుకోండి.

6. ఫోటోలు మీవే ఉండాలి. గది, తట్టలు, చాకీ తోట, రోడ్డు నుంచి మలుపు. పురుగులున్నప్పుడు బయటివాళ్లను గదిలోకి పంపొద్దు. ఆ ఫోటోలు మీరే ఫోన్‌లో తీయండి. వేరే రైతు ఫోటో, పేరు పెట్టాలంటే ముందు అడగండి.

7. చిరునామా, భాష సరిచూడండి. 2019 నవంబరు 28న తిరుపత్తూరు జిల్లా ఏర్పడింది. నాట్రంపల్లి ఇప్పుడు ఆ జిల్లాలోదే. పాత కరపత్రంలో "వేలూరు జిల్లా" అని ఉంటే అదే మళ్లీ ఎక్కించకండి. మన దగ్గర కొనేవాళ్లలో తమిళం చదివేవాళ్లూ ఉన్నారు, కుప్పం వైపునుంచి తెలుగు చదివేవాళ్లూ ఉన్నారు. తమిళంలో చాకీని "ఇళంపుళు" అంటారు, వెతికేవాళ్లు ఆ మాటతోనే వెతుకుతారు. ఫోన్ చేసిన అనువాదాన్ని అలాగే పెట్టకుండా, తమిళం బాగా చదివే ఒకరి చేత గట్టిగా చదివించి దిద్దించండి.

ఇంకొకటి. సైట్ పేరు మీ పేరు మీదే, మీ ఫోన్ నంబరుతోనే నమోదు చేయించండి. పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి. డిజైన్ చేసినవాడు ఊరు మారినా సైట్ మీ చేతిలోనే ఉంటుంది.

అన్నీ రాశాక కాగితాలను కొత్తగా పట్టు మొదలుపెట్టిన ఒక రైతుకు ఇచ్చి చదవమనండి. చదివాక అతను ఇంకా ఏం అడిగితే, అదే మీరు రాయడం మరిచిన సంగతి. అది కూడా రాశాకే డిజైన్ చేసే అబ్బాయిని పిలవండి.