కొంగజపము – ఆళ్వారుల దూత

మార్కాపురమున శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామివారిని సేవించి గిద్దలూరు వైపు సాగు యాత్రికులకు త్రోవలో కంభము చెరువు కలదు. నల్లమల నుండి దిగివచ్చు గుండ్లకమ్మకు విజయనగర ప్రభువుల కాలమున ఆనకట్ట కట్టి నిర్మించిన తటాకమిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని ప్రపంచ వారసత్వ నిర్మాణముగా గుర్తించినది. ఇట్టి చెరువుల అంచున, లోతులేని నీటిలో, కదలక నిలిచియుండు పెద్ద తెల్లకొంగను చూడనివారరుదు.

లోకము ఈ పక్షిని మెచ్చలేదు. కపటభక్తునిది 'కొంగజపము' అని నిందించినది. ఆ నింద న్యాయమేనా?

పెద్ద తెల్లకొంగ సుమారు మూడడుగుల ఎత్తుండును. కాళ్లు నలుపు, ముక్కు పసుపు. నీరు కలకబారినచో చేప కనబడదు గనుక మెల్లగా అడుగిడి, మెడ వెనుకకు ముడిచి, సమయమెరిగి ఒక్కమారుగా పొడుచును. చేపలు, కప్పలు, పురుగులు దాని ఆహారము. సంతానకాలమున ముక్కు నల్లబడి, వీపున పట్టుదారములవంటి సన్నని ఈకలు వెలయును. చెట్లపై గుంపులుగా గూళ్లు కట్టుకొని, తల్లిదండ్రులిరువురును వంతులవారీగా గుడ్లను పొదిగి, పిల్లలను పోషించును. దాని నిశ్చలత ఆకలి నేర్పిన ఓర్పేగాని వంచన కాదు.

వంచన మానవునిదే. పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా, అమెరికా దేశములలో స్త్రీల టోపీల సింగారమునకై ఆ ఈకలను కోరిరి. అవి గూటికాలముననే మొలచును గనుక వేటగాండ్రు గూళ్లవద్దనే పెద్దపక్షులను చంపిరి. పిల్లలు ఆకలితో నశించినవి. 1902లో భారతదేశమునుండి పక్షి ఈకల ఎగుమతిని నాటి ప్రభుత్వము నిషేధించినది.

నమ్మాళ్వారులు ఈ పక్షిజాతిని వేరు దృష్టితో చూచిరి. తిరువాయ్‌మొழి మొదటి పత్తు నాల్గవ దశకమున, విరహముచే కృశించిన నాయికాభావముతో, అందమైన రెక్కలుగల కొంగను దాని జంటతోగూడ పిలిచి, గరుడధ్వజుని సన్నిధికి దూతగా పొమ్మని వేడిరి. దూతయనగా ఆచార్యుడనియు, రెండు రెక్కలు జ్ఞానము, అనుష్ఠానము అనియు పెద్దలు వ్యాఖ్యానించిరి. ఒంటిరెక్కతో ఏ పక్షియు ఎగురజాలదు.

భక్తులారా! సర్వభూతములందును స్వామి అంతర్యామియై యున్నాడని మనమెరుగుదుము. ఎరిగియు చెరువులో చెత్త విడుచుట, గూళ్లున్న కొమ్మలు నరకుట ఒంటిరెక్క జ్ఞానము కాదా? అదియే నిజమైన కొంగజపము. ఈసారి చెరువుగట్టున ఆ తెల్లనిపక్షి కనబడినప్పుడు నిందింపక, ఆళ్వారుల దూతగా తలచి నమస్కరింతము. దానికి నిర్మలమైన నీరును, నీడనిచ్చు చెట్టును మిగిల్చెదము.