కుంచెయు యంత్రమును

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేరిట ఒక చిత్రశాల కలదు. రామారావు 1897లో ఆ నగరముననే జన్మించి, 1925లో మశూచికము సోకి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే అస్తమించెను. అతని ఆయువు స్వల్పము. అతడు వేసిన త్రోవ మాత్రము స్వల్పమైనది కాదు. ఆ ఊరి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు బాలుని చేతిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. ఆయన ప్రోద్బలముచేతనే రామారావు 1916లో బొంబాయి వెళ్లి జె.జె. కళాశాలలో చేరెను. ప్రసిద్ధ రచయితయు చిత్రకారుడును అగు అడివి బాపిరాజు కూడ కూల్డ్రే శిష్యుడే. బొంబాయిలో చదువు ముగించి స్వస్థలమునకు వచ్చిన రామారావు యువకులను చేరదీసి చిత్రలేఖనము నేర్పెను. అతని మరణానంతరము ఆ పాఠశాల భారమును అతని మిత్రుడు వరదా వెంకటరత్నము వహించెను.

ఈ వృత్తాంతమున గమనింపదగినది ఒకటి కలదు. కూల్డ్రే రామారావునకు చూపెను. రామారావు మఱికొందఱికి చూపెను. ఒకరి చేయి చూచి మఱియొకరి చేయి కదలుచు వచ్చుటవలననే ఈ విద్య నిలిచినది. ఐతే విద్య నిలుచుటకు గురువు ఉన్నంతమాత్రమున చాలదు. నేర్చినవానికి ఆ విద్యవలన అన్నము కూడ దొరకవలెను.

చిత్రశాలలకు ఎక్కిన చిత్రకారులు కొందఱే. గోదావరి మండలములలో కుంచె పట్టి కుటుంబములను పోషించుకొన్నవారిలో పెక్కండ్రు బోర్డులు వ్రాయు పెయింటర్లు. ఏలూరు మొదలు అమలాపురము వఱకు ఏ పట్టణమున చూచినను దుకాణముల పేర్లు, సినిమా బ్యానర్లు, లారీల వెనుక బొమ్మలు, నాటకముల తెరలు, పాఠశాలల గోడలమీది దేశనాయకుల రూపములు వీరి చేతిపనిగానే యుండెడివి. చిన్న ఛాయాచిత్రముపై గళ్లు గీసి, ఆ గళ్లనే పెద్ద గుడ్డపై పెంచి గీసి, ఒక్కొక్క గడిలోని భాగమును దానికి తగిన గడిలోనికి ఎక్కించుట వారి పద్ధతి. పని నేర్వవచ్చిన కుఱ్ఱవాడు మొదట కుంచెలు కడుగును. పిదప గురువు గీసిన అక్షరముల నడుమ రంగు నింపును. ఏండ్లు గడచినగాని ముఖము వ్రాయుటకు అతనికి అనుజ్ఞ లభింపదు. పని ముగిసిన తరువాత బోర్డు క్రింది మూలన చిన్న అక్షరములతో తన పేరు వ్రాసికొనుట పెయింటర్లకు పరిపాటి.

2000 తరువాతి సంవత్సరములలో ఫ్లెక్సీలు వచ్చినవి. మూడు దినములు పట్టెడు బ్యానరును అచ్చుయంత్రము మూడు గంటలలో దింపెను, వెలయు తగ్గెను. పెయింటర్లలో కొందఱు గోడలకు సున్నము వేయు పనిలోనికి పోయిరి. కొందఱు, ముఖ్యముగ వయస్సున చిన్నవారు, కంప్యూటరు నేర్చి ఫ్లెక్సీ దుకాణములలో బొమ్మలు కూర్చు డిజైనర్లయిరి. చేతిలోని కుంచె పోయినను కంటిలోని నేర్పు వారికి కూడుపెట్టెను. ఏ రంగు ప్రక్క ఏ రంగు నిలుచునో, పేరు ఎంత పెద్దదిగ నున్న వీథి కొసనుండి కానవచ్చునో వారికి తెలియును. ఇప్పుడు వచ్చిన యంత్రము సరిగ ఆ నేర్పునకే పోటీగ నిలుచుచున్నది.

ఆ యంత్రమునకు కృత్రిమ మేధ యని పేరు. 2022 ఏప్రిలులో డాల్-ఈ 2, ఆ వేసవిలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ లోకమునకు పరిచయమైనవి. “సాయంకాలము గోదావరి, ఒక నావ, కొబ్బరి చెట్లు” అని మాటలు వ్రాసిన చాలును. క్షణములలో బొమ్మ సిద్ధమగును. ఇది మాయ కాదు. దీని వెనుక గణితము కలదు.

యంత్రమునకు మొదట లెక్కకు మిక్కిలియైన చిత్రములను, వాని ప్రక్క వాని వివరణములను చూపుదురు. పిమ్మట ఒక్కొక్క చిత్రముమీద ఇసుక చల్లినట్లు చుక్కలు చల్లుచు పోవుదురు. కొంతసేపటికి బొమ్మ మఱుగుపడి చుక్కల గందరగోళము మాత్రము మిగులును. ఏ చుక్క చల్లినదో ఊహించి దానిని తొలగించుటయే యంత్రమునకు నేర్పు పాఠము. కోట్లకొలది పర్యాయములు ఈ అభ్యాసము జరిగిన పిదప, వట్టి గందరగోళమును ఇచ్చి “నావ” యని చెప్పినను, అది చుక్కలను తొలగించుచు నావవంటి రూపమును తేర్చును. అది నావను ఎన్నడును చూడలేదు. నావ యను మాటయు, ఆ మాట ప్రక్కనున్న బొమ్మలలోని గీతల పోకడయు దానికి తెలియును.

ఇక్కడనే అసలు ప్రశ్న పుట్టుచున్నది. ఆ చిత్రములు ఎవరివి? 2022లో ప్రకటింపబడిన లయాన్-5బి అను సంచయమున 585 కోట్ల చిత్రముల చిరునామాలును వివరణములును కలవు. స్టేబుల్ డిఫ్యూజన్ అందలి ఒక భాగముతో శిక్షణ పొందినది. అంతర్జాలమునుండి యంత్రములే ఏరి కూర్చిన ఆ సంచయమునకై చిత్రకారుల అనుమతి అడిగినవారు లేరు; పైకము ఇచ్చినవారును లేరు. పోలెండు దేశపు చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ వీరుల కథలకు, ఆటలకు బొమ్మలు వేసి పేరు గడించెను. 2022లో జనులు అతని పేరు చెప్పి, అతని తీరున బొమ్మలు వేయుమని యంత్రమును వేలకొలది పర్యాయములు కోరిరి. కొలది మాసములకే అంతర్జాలమున అతని పేరు వెదకినచో అతడు వేయని చిత్రములు కానవచ్చు స్థితి ఏర్పడెను. 2025 మార్చిలో జపాను దేశపు గిబ్లీ చిత్రశాల తీరున తమ ఛాయాచిత్రములను మార్చుకొను సరదా లోకమంతటను వ్యాపించినది. ఆంధ్రులును అందు వెనుకబడలేదు.

ఈ సంగతిని మన ప్రాంతమునకు అన్వయించి చూచినగాని దాని బరువు తెలియదు. బాపు 1933లో నరసాపురమున జన్మించెను. 2014లో చెన్నైలో మరణించెను. వేలకొలది పుస్తకములు, పత్రికలు ఆయన గీతతో అలంకృతములైనవి. ఆయన చేతివ్రాత అచ్చు అక్షరములకు రూపమైనది. చక్కని కన్యను “బాపు బొమ్మ” యనుట తెలుగున నానుడి యైనది. భారత కృతిస్వామ్య చట్టము 1957 నాటిది. దాని ప్రకారము చిత్రకారుని మరణానంతరము అఱువది సంవత్సరముల వఱకు అతని చిత్రములపై వారసులకు హక్కు కలదు. కావున బాపు వేసిన బొమ్మను ఎవరైనను అనుమతి లేక అచ్చువేసినచో 2074 వఱకు అది నేరము. కాని చట్టము కాపాడునది చిత్రమును; శైలిని కాదు. ఆ పెద్దకన్నులు, ఆ వాలుజడ, ఆ ఒక్క విఱుపుతో సాగు గీత, ఇవి బాపువే యని తెలుగువారందఱును ఎఱిగినను, “బాపు తీరున ఒక బొమ్మ వేయుము” అని యంత్రమును కోరినవానిని ఈ చట్టముతో ఆపుట కష్టము. చిత్రమేమనగా, అదే నరసాపురమున స్త్రీలు అల్లు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. అన్యచోట్ల యంత్రములపై నేసిన దానిని నరసాపురపు లేసని అమ్మరాదు. ఊరి దారమునకు దొరికిన రక్షణ ఊరివాని గీతకు దొరకలేదు.

దీనికి యంత్రముల పక్షము వారు ఒక సమాధానము చెప్పుదురు. రామారావు కూడ బొంబాయిలో ఇతరుల చిత్రములు చూచియే నేర్చెను కదా. యంత్రము చేయుచున్నదియు అదే కదా యని వారి వాదము. ఇది తేలికగ త్రోసిపుచ్చదగిన మాట కాదు. చూడక నేర్చిన చిత్రకారుడు లోకమున లేడు. ఐనను భేదము కలదు. శిష్యుడు ఏండ్లకొలది కూర్చుండి నేర్చును. గురువునకు సేవ చేయును, లేదా జీతము చెల్లించును. ఆయన పేరు చెప్పుకొనును. నేర్చినది తన ఊరిని, తన ఏటిని, తన జనమును చూచిన కన్నులతో కలిసి వేఱొక రూపము తాల్చును. ఒక్క శిష్యుడు గురువునకు పోటీయైనను ఆ పోటీ ఒక్క దుకాణమునకే పరిమితము. యంత్రమన్ననో ఒక్క దినమున లక్షలమందికి బొమ్మలు వేసి ఇచ్చును. వానిలో దేనిమీదను నేర్పినవాని పేరుండదు.

యంత్రమువలన మేలు లేదనుట కూడ అన్యాయమే. కొత్తగ టీ దుకాణము పెట్టుకొన్న పేదవానికి చవుకగ ఒక బొమ్మ దొరకుచున్నది. చిత్రలేఖనము రాని ఉపాధ్యాయుడు పాఠమునకు తగిన పటము తయారుచేసికొనగలడు. కొందఱు చిత్రకారులు కూర్పు ఎట్లుండునో చూచుటకు మొదట యంత్రమును అడిగి, పిదప తమ చేతితో వేయుచున్నారు. ఐతే పోవుచున్న పని ఎట్టిదో చూడవలెను. పేరుపొందిన చిత్రకారుని తైలవర్ణచిత్రమును కొనువాడు యంత్రమును ఆశ్రయింపడు. కథకు చిన్న బొమ్మ, పుస్తకమునకు అట్ట, దుకాణమునకు గుర్తు, పండుగకు శుభాకాంక్షల పత్రము, ఇట్టి పనులే ముందుగ జాఱిపోవును. కొత్తగ వచ్చు చిత్రకారుడు ఆరితేఱుట ఈ పనులలోనే. అక్షరముల నడుమ రంగు నింపు పనియే లేకున్న ముఖము వ్రాయు వఱకు ఎదుగు కుఱ్ఱవాడు ఎక్కడనుండి వచ్చును?

చిత్రకారులు ఊరకుండలేదు. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఒర్టిజ్ అను ముగ్గురు అమెరికాలో ఈ సంస్థలపై దావా వేసిరి. 2024 ఆగస్టులో న్యాయమూర్తి వారి ముఖ్యారోపణలు విచారణార్హములని నిర్ణయించెను. 2025 నవంబరులో లండను న్యాయస్థానము మాత్రము వేఱొక వ్యాజ్యమున, యంత్రము చిత్రముల ప్రతులను తనలో దాచుకొనుట లేదు గనుక అది దొంగప్రతి కాదని చెప్పెను. చికాగో విశ్వవిద్యాలయము వారు గ్లేజ్ అను ఉపాయమును కనిపెట్టిరి. దానిని పూసిన చిత్రము మనుష్యుల కన్నులకు మునుపటివలెనే కనబడును గాని, దాని శైలిని నేర్వబోవు యంత్రము పొరబడును.

భారత ప్రభుత్వ పరిశ్రమల శాఖ నియమించిన సంఘము 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదన ప్రకటించెను. దాని ప్రకారము యంత్రములను తయారుచేయువారు న్యాయముగ లభించు కృతులన్నింటిని శిక్షణకై వాడుకొనవచ్చును. కృతికర్తలు వలదనుటకు వీలులేదు. ఐతే వారికి ప్రతిఫలము చెల్లింపవలెను. ఆ సొమ్మును ఒక ఉమ్మడి సంస్థ వసూలుచేసి పంచిపెట్టును. పేరు నమోదు చేయించుకొన్న రచయితకు, చిత్రకారునకు ఇది కొంత ఉపయోగపడవచ్చును. కాని బోర్డుల పెయింటరు ఏ సంస్థలోను నమోదైనవాడు కాడు. అతని బోర్డును ఎవడో బాటసారి ఛాయాచిత్రము తీసి అంతర్జాలమున పెట్టి యుండవచ్చును. యంత్రము దానిని కూడ చూచి యుండవచ్చును. అతనికి రావలసినది ఎవరికి పంపుదురు? అతని చిరునామాగ మిగిలినది బోర్డు క్రింది మూలన, సగము మాసిన చిన్న అక్షరముల పేరొక్కటియే.